ఆముదం మరక

మా నాన్న కత్తులకి ఎన్నడూ తుప్పు పట్టలేదు. ఈ మాట ముప్పై ఏళ్ళకి పైగా అంటూనే ఉన్నాను. అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. కొవ్వూరులో నా కొట్టుకొచ్చి, కుర్చీలో తల వెనక్కి వాల్చి, మూతి నిండా నురగతో నోరు విప్పలేని వాళ్ళకైతే మరీ మరీ చెప్పాను.

మాది ద్రాక్షారామానికి కాస్త అవతల, కాలవ గట్టు పక్కన ఉన్న ఊరు. మా నాన్న ఆ ఊరి మంగలి. ఇంటింటికీ వెళ్ళి గెడ్డాలు, క్షవరాలు చేసేవాడు. పెళ్ళయినా చావైనా ఆయన వచ్చి కూర్చుంటేగాని తంతు మొదలయ్యేది కాదు. ఆయన పొదిలో నాలుగు మడత కత్తులుండేవి. మా తాత రాజమండ్రిలో కొన్నవి. గేదె కొమ్ముతో చేసిన నల్లటి పిడులు. చూడకుండానే ఏ కత్తి ఏదో చేతికి తెలియాలని ఒక్కో పిడి మీద ఒకటి నుంచి నాలుగు దాకా గాట్లు పెట్టుకున్నాడు. మూడో కత్తి పిడి ఒకసారి చీలితే దానికి సన్నటి రాగి తీగ చుట్టాడు. బంగారప్పని చేసేవాడు కూడా అంత ఒద్దికగా చుట్టలేడు.

మా ప్రాంతంలో ఇనుము బతకడం కష్టం. కాలవలకి నీళ్ళు వదిలారంటే గాలి నిండా చెమ్మే. వానాకాలంలో కొక్కేనికి తగిలించిన చొక్కాకి బూజొస్తుంది. అందుకని పొద్దువాలే వేళకి మా నాన్న గుమ్మంలో కూర్చుని కత్తుల పని చూసుకునేవాడు. వేణ్ణీళ్ళలో కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, చూపుడు వేలితో ఆముదం రాసేవాడు. పిడిలోకి కత్తి మడతపడే చోట, మేకు దగ్గర, మిగతా చోట్లకంటే కాస్త ఎక్కువ రాసేవాడు.

"నీళ్ళు ఇక్కడే నక్కుతాయిరా. పైపైన ఎంత తుడిస్తే ఏం లాభం?" అనేవాడు.

ఆముదానికి ఒక గుణం ఉంది. ఎక్కువై ఎక్కడన్నా నిలిచిపోయిందంటే, కొన్నాళ్ళకి ముదురు గోధుమ రంగులో జిగురులాగా గడ్డకడుతుంది. తెలియనివాడు చూస్తే తుప్పే అనుకుంటాడు. గోటితో గీకితే మెత్తగా లేస్తుంది. కిరసనాయిలు గుడ్డ పెట్టి తుడిస్తే కింద ఉక్కు అద్దంలా ఉంటుంది. ఈ సంగతి తెలుసుకోడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక గుడ్డముక్క చాలు.

ఆ ఊళ్ళో ఒక కామందు ఉండేవాడు. ఊళ్ళో సగం భూమి వాళ్ళదే, ఎవరింట్లో ఏ తగువొచ్చినా చివరికి వాళ్ళ అరుగు మీదికే వెళ్ళాలి. బుధవారాలూ ఆదివారాలూ మా నాన్న ఆయన ఇంటికి గెడ్డం చెయ్యడానికి వెళ్ళేవాడు. ఒక ఎండాకాలం ఆయనకి దవడ మీద కురుపు లేచి చీము పట్టింది. రాజమండ్రి వెళ్ళి కోయించుకుని, మొహానికి పెద్ద కట్టుతో తిరిగొచ్చాడు. ఆయనకి షుగరు ఉందన్న సంగతి అప్పుడే బయటపడిందని తరవాత తెలిసింది గాని, వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన చేసిన పని మా నాన్నకి కబురు పెట్టడం.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, కొత్తగా పెళ్ళయింది. నేనూ అదే పనిలో ఉన్నాను కాబట్టి నాన్న వెంట వెళ్ళాను. అరుగు మీద పదిమంది దాకా పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు.

"పొది విప్పరా," అన్నాడు కామందు.

నాన్న విప్పాడు. ఆయన నాలుగు కత్తులూ ఒక్కొక్కటే తెరిచి వెలుగుకి పెట్టి చూశాడు. మూడో కత్తి దగ్గర ఆగాడు.

"ఇదేంట్రా?"

"ఆముదమండి బాబుగారూ. మడతలో చెమ్మ చేరకుండా రాస్తానండి. తుడిస్తే పోద్దండి."

"తుప్పుని పట్టుకుని ఆముదం అంటావా? తుప్పు కత్తి పెట్టి నా దవడ కుళ్ళబెట్టి, పైగా నాకు కబుర్లు చెబుతావా? ధనుర్వాతం వచ్చి చచ్చుంటే?"

"ఒక్క గుడ్డముక్క ఇప్పించండి బాబూ. తమరి ఎదురుగానే తుడిచి చూపిస్తాను."

ఎవరూ ఇవ్వలేదు. అక్కడున్న పదిమంది భుజాల మీదా కండువాలు ఉన్నాయి. మా నాన్న తన భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి చాచాడు. కామందు కత్తి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ పొది ఇక్కడే ఉంటుంది. డాక్టరుకి చూపించాలి. నువ్వు పో."

నేను ఏదో అనబోయాను. నాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

పొది తిరిగి రాలేదు. నాన్న మూడుసార్లు వెళ్ళి వాళ్ళ దొడ్లో నిలబడ్డాడు. "ఎక్కడ పెట్టామో వెతకాలి" అన్నారు. నాలుగోసారి వెళ్ళలేదు. కొత్త కత్తులు కొనుక్కున్నా లాభం లేకపోయింది, ఎందుకంటే అప్పటికే ఊరంతా ఒకటే మాట, తుప్పు కత్తుల మంగలి అని. పిల్లలు సైతం అరిచేవాళ్ళు. నెల తిరక్కుండానే పక్కూరి నుంచి ఇంకొకతన్ని తెచ్చిపెట్టుకున్నారు. మా మావగారిది కొవ్వూరు. ఆయన చూపించిన చిన్న గదిలో నేను కొట్టు పెట్టుకుంటే, అందరం అక్కడికి చేరాం.

కొవ్వూరు వచ్చాక నాన్న కత్తి ముట్టుకోలేదు. కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాడు, పేపరు చదివినంతసేపు చదివి, తరవాత వంతెన వైపు పోయే లారీలు చూసేవాడు. నాలుగేళ్ళు అలా కూర్చుని పోయాడు. పోయే ముందు వారం, నేను అన్నం పెడుతుంటే, ఏ ప్రస్తావనా లేకుండా, "ఒక్క గుడ్డముక్క ఇచ్చుంటే సరిపోయేదిరా," అన్నాడు. అంతే.

ఆ మాట నన్ను పట్టుకుంది. నా పగకి ఏ రూపం ఇవ్వాలో తెలీక, నూనెల వెంట పడ్డాను.

పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన విరిగిన కత్తుల ముక్కలు ఏరి తెచ్చాను. కొట్టు వెనక గోడ మీద వరసగా పెట్టి ఒక్కోదానికి ఒక్కో నూనె రాశాను. కొబ్బరినూనె వానాకాలంలో నెల రోజులు బాగానే కాచింది గాని, తరవాత కంపు కొట్టి అంచున ఎర్రటి చుక్కలు వచ్చాయి. వేరుశనగ నూనె జిగురై దుమ్మంతా పట్టుకుంది. నువ్వుల నూనె నయమే, కానీ అదీ చివరికి ముదురు రంగుకి తిరిగి మురికైంది. పెట్రోలియం జెల్లీ మందంగా పూస్తే తుప్పు రాలేదు, కానీ సాన పట్టే ముందు దాన్ని వదిలించేసరికి తాతలు దిగొచ్చారు. అన్నింటికంటే బాగా కాచింది కుట్టుమిషన్లకి వాడే తెల్లటి నూనె. రంగు లేదు, వాసన లేదు, జిగురు కట్టదు. రెండు చుక్కలు వేసి, మేకు దగ్గర ఇంకో చుక్క వేసి, ఎక్కువైంది మెత్తటి గుడ్డతో తీసేసి, పొడి చోట పెడితే రెండు వానాకాలాలైనా మచ్చ రాదు. తోలు సంచిలో మాత్రం పెట్టకూడదు. తోలు చెమ్మని లోపలికి తీసుకుని అలాగే దాచిపెడుతుంది. కత్తికి తడిగుడ్డ చుట్టినట్టే.

ఆముదం రాసిన ముక్క మీద సరిగ్గా ఏడాదికి గోధుమ రంగు మరక వచ్చింది. తుడిచాను, పోయింది. కింద ఉక్కు తెల్లగా ఉంది. ఆ రోజు నాకు సంతోషం వేయాలి. వెయ్యలేదు. ఇది చూడాల్సినవాడు నా ఎదురుగా లేడు.

ఏళ్ళు గడిచాయి. సెలూన్లు మారిపోయాయి. సగం బ్లేడు విరిచి పెట్టి, ఒకరికి వాడగానే పారేసే పద్ధతి వచ్చింది. అది మంచిదే. నేనూ అదే వాడుతున్నాను. కానీ మడత కత్తుల మీద ఈ మధ్య కుర్రకారుకీ, కాస్త తీరికున్న పెద్దవాళ్ళకీ మోజు మొదలైంది. ఫోన్లో వీడియోలు చూసి కత్తులు తెప్పించుకుంటారు, సాన పట్టడం చేతకాక ఎవరున్నారని వెతుక్కుంటారు. అలా నా పేరు రాజమండ్రి దాకా పాకింది.

నిరుడు ఎండాకాలం ఒకాయన కారు దిగి కొట్లోకి వచ్చాడు. అరవై దగ్గర వయసు, కత్తిరించిన తెల్లగెడ్డం, మర్యాదైన మాట.

"మీరు పాత కత్తులు బాగు చేస్తారని చెప్పారండి. మా తాతగారివి నాలుగున్నాయి. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో దొరికాయి," అని బల్ల మీద ఒక తోలు పొది పెట్టాడు.

విప్పాను. నూనె గుడ్డలో చుట్టిన నాలుగు కొమ్ము పిడుల కత్తులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు. మూడోదానికి రాగి తీగ.

"ఏ ఊరండి మీది?" అన్నాను.

ఆయన మా ఊరి పేరు చెప్పాడు. కామందు కొడుకు. చిన్నప్పటి నుంచీ చదువులకీ, ఆ తరవాత ఉద్యోగానికీ దూరంగానే ఉండేవాడు, నన్ను గుర్తుపట్టే వీల్లేదు.

"నాన్నగారు ఉన్నారాండి?"

"ఉన్నారండి. ఎనభై ఏడు. నడవలేరు గాని మిగతా ఆరోగ్యం బానే ఉంది. జ్ఞాపకం మాత్రం నాకంటే నయం. ఏ నూనె రాయాలండి వీటికి, తుప్పు రాకుండా?"

"ముందు శుభ్రం చేస్తానండి. నూనె సంగతి ఇంటికొచ్చి చెబుతాను. మీ నాన్నగారికి వీటితోనే గెడ్డం చేసి మరీ చూపిస్తాను."

ఆయన సంతోషించాడు.

రెండు రోజులు ఆ కత్తులు నా దగ్గరే ఉన్నాయి. వాటి మీద ముప్పై ఏళ్ళ నాటి ఆముదం పొరలా గట్టిపడి, తోలు చెమ్మని దగ్గరికి రానివ్వలేదు. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడుస్తుంటే కింద నుంచి ఉక్కు బయటికి వచ్చింది. నాలుగింటి మీద ఎక్కడా ఒక్క చుక్క తుప్పు లేదు. చచ్చిపోయిన మా నాన్న చేతి నూనె, దొంగిలించినవాడి ట్రంకు పెట్టెలో కూడా ఆ కత్తులకి కాపలా కాసింది. నేను కొట్టు తలుపు మూసి ఏడ్చాను. తరవాత సాన పట్టాను. మూడో కత్తి మేకు దగ్గర మరక మాత్రం తుడవకుండా వదిలేశాను. దాన్ని ఆ ముసలాయన ఎదురుగా తుడవాలి. గుడ్డముక్క నేనే పట్టుకెళతాను. ఉతికి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం వంతెన దాటి రాజమండ్రిలో వాళ్ళింటికి వెళ్ళాను. గోదావరి గట్టుకి దగ్గర్లో పెద్ద ఇల్లు. కామందు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగానికి చిక్కిపోయాడు, కళ్ళు మాత్రం అవే. దవడ మీద పాత కోత మచ్చ కనిపిస్తూనే ఉంది. తల నెరిసిన నన్ను ఆయన గుర్తుపట్టలేదు. నేను నురగ పట్టించి, ఒక గాటున్న కత్తితో పని మొదలుపెట్టాను. కొడుకు ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్ళాడు.

ఒకటి చెప్పాలి. కంఠం మీద కత్తి ఉన్నప్పుడు నాకు పిచ్చి ఆలోచన ఏదీ రాలేదు. మా చెయ్యి అలాంటి పని చెయ్యదు. నా పగ వేరు. నాకు కావాల్సింది ఆయన మొహం మాడిపోవడం, అంతే.

"చెయ్యి బానే ఉందోయ్," అన్నాడు ముసలాయన. "ఏ ఊరు?"

"కొవ్వూరండి."

"మా ఊళ్ళో ఒకడుండేవాడు. చెయ్యి దూదే. కానీ పొగరు. ఊరి చివర చర్చి పేటకి పోయి వాళ్ళకీ చేసేవాడు, ఇవే కత్తులతో. మళ్ళీ వచ్చి నాకు చేసేవాడు. వద్దన్నాను. ఏవన్నాడో తెలుసా? కడిగి నూనె రాశాక కత్తికి ఎవరి గెడ్డమైనా ఒకటేనండి బాబుగారూ అన్నాడు. నా మొహం మీదే!"

ఈ సంగతి మా నాన్న నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా చేతిలో కత్తి ఆగింది.

"మరి ఏం చేశారండి?"

"పేటకి వెళ్ళాడని పంపించేస్తే ఊరుకునే రోజులా అవి? కేసులంటారు, గొడవలంటారు. నాకు దవడ మీద కురుపు లేచింది, కలిసొచ్చింది. కత్తి మీద నూనె మరక కనబడితే తుప్పన్నాను. తుప్పంటే ఎవడు కాదంటాడు?"

"నూనె మరకని మీకు తెలుసాండి?"

"తెలీకేం? మా పాలేర్లు కొడవళ్ళకి రాసేదీ ఆముదమేగా." ఆయన నవ్వాడు. నురగ పెదాల మీదికి జారింది. "ఆ కత్తులే ఇవి. మావాడికి తాతగారివని చెప్పాను. మంగలాడివని తెలిస్తే ముట్టుకుంటాడా? నువ్వేమీ అనుకోకు."

జేబులో గుడ్డముక్క నా తొడకి తగులుతోంది. ఆముదమని తెలిసినవాడి ఎదురుగా ఆముదం తుడిచి ఏం చూపించాలి? ముప్పై ఏళ్ళుగా నేను గోడ మీద ముక్కలు పేర్చి సంపాదించిన రుజువంతా ఆయనకి ఆనాడు అరుగు మీదే తెలుసు. మా నాన్న గుడ్డముక్క అడిగినప్పుడు కూడా తెలుసు.

గెడ్డం పూర్తిచేశాను. పటిక రాశాను. ఒక్క గాటు పడలేదు.

కొడుకు తిరిగి వచ్చి నాకు ఒక గాజు పెట్టె చూపించాడు. గోడకి బిగించడానికి టేకుతో చేయించాడు, లోపల ఎర్ర మఖమలు. "ఇందులో పెడతానండి. పొది కూడా పెడతాను, పాతకాలం నాటిది కదా. నూనె సంగతి చెప్తానన్నారు."

కుట్టుమిషన్ నూనె అని చెప్పాలి. నా సంచిలో చిన్న సీసా కూడా తెచ్చాను. నోరు విప్పితే వచ్చిన మాట వేరు.

"ముందు చింతపండు గుజ్జుతో బాగా తోమండి. ఎక్కువ కడగొద్దు, గుణం పోతుంది. తుడిచి కొబ్బరినూనె పల్చగా రాసి, తోలు పొదిలోనే పెట్టి పెట్టె మూసెయ్యండి. గాలి తగలకూడదు."

"పాతకాలపు పద్ధతన్నమాట!"

"అవునండి. మా నాన్న చెప్పిన పద్ధతి."

అబద్ధం ఆడినందుకు నాకు బాధ లేదు. ఆ అబద్ధంలోకి నాన్నని లాగినందుకు మాత్రం ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

తిరిగొస్తుంటే వంతెన మీద ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. చింతపండు పులుపు ఉక్కుని తింటుంది. కడగని పులుపు మీద నూనె రాస్తే అది లోపలే ఉండి పని చేసుకుంటుంది. దాని మీద తోలు, ఆ పైన బిగించిన గాజు. వానలు పడనీ, చూస్తాను అనుకున్నాను. తాతగారి కత్తులని చుట్టాలకి చూపించుకుంటారు కదా, ఎర్రగా చూపించుకుంటారు.

నిరుడు వానలు గట్టిగా పడ్డాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు పెరిగాయని వార్త వచ్చిన ప్రతిసారీ, గోడలు చెమరుస్తున్న ప్రతి పొద్దునా, నాకు ఆ గాజు పెట్టె కళ్ళముందు ఆడేది. ఒకరోజు మా ఆవిడతో చెప్పాను, చేసిన పనంతా. చెబుతూ నవ్వాను కూడా.

ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "కత్తులు ఎవరివి?" అంది.

"నాన్నవి."

"మరి తుప్పు పట్టేది ఎవరి కత్తులకి?"

కామందు కొడుకు ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. అప్పటికి వానలు మొదలై పది రోజులే అయ్యాయి, ఇంకా పెద్దగా చెడి ఉండవు. ఫోను చేతిలోకి తీసుకుని ముసలాయన నవ్వు గుర్తు తెచ్చుకున్నాను. పెదాల మీది నురగ గుర్తు తెచ్చుకున్నాను. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆ తరవాత కూడా ఎన్నోసార్లు అలాగే చేశాను. తెలిసే చేశాను.

కార్తీకంలో కామందు కొడుకు వచ్చాడు. పొది బల్ల మీద పెట్టి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"మీరు చెప్పినట్టే చేశానండి. ఏం పొరపాటు జరిగిందో."

తెరిచాను. కత్తి పిడిలోంచి రావడానికి మొరాయించింది. నాలుగూ ఇటుక రంగులో ఉన్నాయి. రెండింటికి అంచు చిన్న చిన్న గుంటలుగా తినేసింది. రాగి తీగ పచ్చగా చిలుం పట్టి విరిగిపోయింది. ఆ రోజు అరుగు మీద కామందు పలికిన మాట అబద్ధం. దాన్ని నిజం చేసింది నేను.

"పొరపాటు కాదండి," అన్నాను. "కావాలనే చెప్పాను."

ఆయనకి అర్థం కాలేదు. కూర్చోమన్నాను. మొదటి నుంచి చెప్పాను, అరుగు దగ్గర నుంచి, గుడ్డముక్క దగ్గర నుంచి, ఆయన పక్క గదిలో ఫోను మాట్లాడుతుండగా వాళ్ళ నాన్న నాతో అన్న మాటల దాకా. ఆయన అంతా విని, కత్తులు నా వైపు జరిపి, "ఇవి మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, "నాన్నగారిని అడుగుతాను," అన్నాడు.

అడిగాడో లేదో ఆ తరవాత ఎప్పుడూ చెప్పలేదు.

మాఘమాసంలో కామందు పోయాడు. పదోరోజు కర్మకి ఊరి నుంచీ చుట్టాలూ పెద్దలూ అందరూ కొవ్వూరు రేవుకే వచ్చారు. పొద్దున్నే కొడుకు ఒక్కడూ నా కొట్టు దగ్గరికి వచ్చాడు. భుజం మీద తడి పంచె, కాళ్ళకి చెప్పుల్లేవు.

"రేవులో చాలామంది ఉన్నారండి చెయ్యడానికి. కానీ మీరే వచ్చి చెయ్యాలి," అన్నాడు.

"వస్తాను. ఒక షరతు," అన్నాను. "మా ఊరివాళ్ళు అక్కడున్నారు కదా. నేను కత్తి ముట్టుకునే ముందు, ఆ కత్తులు ఎవరివో, వాటికి ఆనాడు తుప్పు ఉందో లేదో, మీరు వాళ్ళ ఎదురుగా చెప్పాలి."

"ఇవాళా?"

"ఇవాళే. మా నాన్నని అడిగింది కూడా పదిమంది ఎదురుగానే."

రేవు మెట్ల మీద ఆయన పీట మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, చేతులు కట్టుకుని. పురోహితుడు తొందరపెడుతున్నాడు. కొడుకు తల వంచుకుని ఏదో అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి," అన్నాను.

ఆయన తలెత్తాడు. "మా ఊళ్ళో ఈయన నాన్నగారి కత్తులు మా నాన్నగారు లాగేసుకున్నారు. అప్పుడు వాటికి తుప్పు లేదు. లేదని మా నాన్నగారికి తెలుసు. మీలో కొందరికీ తెలుసు."

ఊరి పెద్దల్లో ఇద్దరు గోదావరి వైపు తిరిగి నిలబడ్డారు. నేను కూర్చుని కొత్త బ్లేడు విరిచి, ఆయన తల తడిపి, పని మొదలుపెట్టాను. చివరి దాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తండ్రి పోయినందుకో, నేను పెట్టిన అవమానానికో తెలియదు. నేను తుడవలేదు.

"దుఃఖంలో ఉన్నవాణ్ణి అలా నిలబెట్టడం పాపం," అంటుంది మా ఆవిడ. "తండ్రి చేసినదానికి కొడుకేం చేశాడు?" అంటుంది. నిజమే కావచ్చు. ఆయన మంచివాడు. కాని తండ్రి నోటి నుంచి ఆ మాట రప్పించే అవకాశం నాకు దక్కలేదు. ఆ కుటుంబంలో మిగిలిన నోరు అదొక్కటే.

కత్తుల్లో రెండు మాత్రమే బాగయ్యాయి. మిగతా రెండూ ఎంత సాన పట్టినా గుంటలు పోలేదు. రోజూ నూనె రాస్తూనే ఉన్నాను.

కర్మ అయిన రెండు వారాలకి, రేవులో నీళ్ళ వైపు తిరిగిన ఇద్దరిలో ఒకాయన నా కొట్టుకి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. కర్ర గోడకి ఆనించి, కుర్చీలో కూర్చుని, గెడ్డం నిమురుకున్నాడు.

"మీ నాన్న కత్తికి తుప్పు లేదని నాకూ తెలుసయ్యా," అన్నాడు. "ఆ రోజు అరుగు మీద నేనూ ఉన్నాను."

"మీ భుజం మీద కండువా ఉందాండి ఆ రోజు?"

ఆయన అద్దంలో నా వంక చూశాడు. "ఉంది," అన్నాడు.

నేను కుర్చీ వెనక నుంచి పక్కకి జరిగాను. "ఇవాళ ఖాళీ లేదండి. పక్క కొట్లో చేయించుకోండి," అన్నాను.

కొట్లో ఇంకెవరూ లేరు. ఆయన లేచి, కర్ర అందుకుని మెల్లగా మెట్లు దిగాడు. నేను పేపరు తీసుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాను.